ఓర్చుకునేవాళ్ళు, మన్నించేవాళ్ళు



మాకు చదువు చెప్పిన మాష్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసాన్ని ఈసారి మాదాపూర్‌లో ఏర్పాటు చేశారు. నిఘంటువుల మధ్య బతికిన మనిషిని ఐటీ కంపెనీల నడుమ తలచుకోవడం ఏమిటని కొందరు అడిగారట. నాకు మాత్రం ఇంతకన్నా తగిన చోటు లేదనిపించింది. ఏ మాటకు అర్థం అడిగినా మాష్టారు ముందు ఒక ఎదురుప్రశ్న వేసేవారు. ఆ మాట ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు? అది తేలాకే అర్థం చెప్పేవారు. ఈరోజు సహనం అనే మాటనూ, దాని చుట్టాలనూ ఆ ప్రశ్న ముందు నిలబెట్టాలని నా ప్రయత్నం.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ఇక్కడ సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటికి ఈ చుట్టుపక్కలన్నీ రాళ్ళగుట్టలు, చెరువులు, పల్లెలు. పాతికేళ్ళు దాటేసరికి శ్రీకాకుళం వాళ్ళు, ఆదిలాబాద్ వాళ్ళు, మలయాళీలు, బెంగాలీలు, మణిపూర్ పిల్లలు, ఒడిశా కూలీలు ఒకే రోడ్డు మీద నడుస్తున్నారు. బతుకమ్మ, ఓణం, దుర్గాపూజ, ఛఠ్ పూజ ఒకే గేటెడ్ కమ్యూనిటీలో జరుగుతున్నాయి. ఇంతమంది ఒకచోట చేరితే రాపిడి తప్పదు. రాపిడి వచ్చినప్పుడల్లా పెద్దలు చెప్పే మాట ఒక్కటే, సహనం పాటించండి అని. ఆ మాటతోనే నాకు పేచీ. తెలుగులో ఈ పనికి ఉన్నది ఒక్క మాట కాదు, పది మాటలు. ఆ పదింటినీ తీసేసి సహనం ఒక్కదాన్నే అన్నిచోట్లా వాడితే ఎవరి మీద ఎంత బరువు పడుతోందో కనపడకుండా పోతుంది.

ఇంగ్లీషువాళ్ళ టాలరెన్స్ ఇక్కడ ఒకే భవనంలో అంతస్తుకో అర్థంతో వినిపిస్తుంది. సర్వర్లు చూసేవాళ్ళకు ఫాల్ట్ టాలరెన్స్ అంటే ఒక యంత్రం చెడిపోయినా పని ఆగకపోవడం. హెచ్‌ఆర్ వాళ్ళకు జీరో టాలరెన్స్ అంటే ఎంత చిన్న తప్పునైనా వదిలిపెట్టకపోవడం. ఇక్కడికి కొద్ది దూరంలో బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవారికి టాలరెన్స్ అంటే కొలతలో ఎంత తేడా వస్తే ఆ ముక్క ఇంకా పనికొస్తుందో ఆ హద్దు. ఈ ముగ్గురి వాడుకలోనూ నాకు నచ్చిన గుణం ఒకటుంది. ముగ్గురూ లెక్క చెబుతారు. 1982లో లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక ప్రసిద్ధమైన ఫలితం ప్రచురించారు. మామూలు సందేశాల మీదే ఆధారపడే వ్యవస్థలో అబద్ధాలాడే భాగం ఒకటుంటే, దాన్ని తట్టుకుని నిలవడానికి మొత్తం కనీసం నాలుగు భాగాలుండాలి, మూడు చాలవు. అంటే ఒక చెడుగును తట్టుకోవడానికి మిగతా ముగ్గురు నిజాయితీగా పనిచేయాలి. ఆ ముగ్గురికీ కరెంటు కావాలి, చోటు కావాలి, డబ్బు కావాలి. తట్టుకోవడానికి ఖర్చుందని ఇంజనీరుకు తెలుసు. మనుషుల సంగతి వచ్చేసరికి ఆ ఖర్చు ఎవరు పెడుతున్నారని అడగడం మానేశాం.

తెలుగు మాటలు ఆ లెక్క మరిచిపోలేదు. ఓపిక చూడండి. పిల్లవాడు అల్లరి చేసినా కోప్పడని తల్లికి ఓపిక ఉందంటాం. జ్వరం పడి లేచినవాడు ఒంట్లో ఓపిక లేదంటాడు. రెండుచోట్లా ఒకటే మాట. సహనానికీ శరీరబలానికీ తెలుగువాడు వేరువేరు పేర్లు పెట్టుకోలేదు. ఓపడమంటే చేతనవడం. కాబట్టి ఓపిక పట్టమని ఒకరికి చెప్పేముందు వాళ్ళ ఒంట్లో అది మిగిలి ఉందో లేదో చూడాలి. రాత్రి షిఫ్టు దిగి, గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుని ఇల్లు చేరిన అమ్మాయిని ఇంట్లోవాళ్ళు ఓపిక లేదంటే, ఆ మాట ఆమె గుణం మీద తీర్పు కాదు. ఆమె అలసట గురించిన వార్త.

తట్టుకోవడం రైతు మాట. బెట్టను తట్టుకునే రకం, తెగులును తట్టుకునే రకం అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. ఆయన తరవాతి రోజుల్లో ఇక్కడి గచ్చిబౌలిలోనే హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. వృత్తి మాట అర్థం ఆ పని చేసేవాడి దగ్గరే తెలుసుకోవాలన్న పద్ధతి ఆ కోశానిది. మాష్టారు మాకు నేర్పిందీ అదే. బెట్టను తట్టుకునే రకం అన్నప్పుడు రైతు మొక్కను మెచ్చుకుంటాడు గాని బెట్టను ఉండనిమ్మనడు. మబ్బు కోసం చూస్తూనే ఉంటాడు.

తాళడంలో కాలం ఉంది. ఎండకు తాళలేం, ఆకలికి తాళలేం, కాస్త తాళు అంటే కాసేపు ఆగు. మనిషిని తాళడం అనము, పరిస్థితినే తాళుతాం. తెలంగాణ పల్లెల్లో సైసుడు అన్న మాట ఇంకా వినపడుతుంది. పాత కావ్యాల సైరణకు అది చుట్టం. పుస్తకాల్లో ఏనాడో పాతబడిన మాట పొలం గట్టు మీద బతికే ఉంది. జర సైసు అని ఒక ముసలామె మనవడితో అన్నప్పుడు అందులో ఆజ్ఞ ఉండదు, బతిమాలడం ఉంటుంది.

ఓర్పు దగ్గర కాస్త ఆగాలి. తెలుగువాళ్ళు అందరికన్నా ఎక్కువగా పొగిడిన గుణం ఇదే. భూదేవంత ఓర్పు అంటాం. సంస్కృతంలో క్షమ అంటే ఓర్పు, భూమి కూడా. ఈ పొగడ్త ఎవరికి దక్కుతోందో గమనించండి. కోడలికి, తల్లికి, ఇంట్లో పనిచేసే మనిషికి. భూదేవంత ఓర్పున్న యజమాని అనడం నేను వినలేదు. తొక్కినా తవ్వినా మాట్లాడనిది భూమి కనక ఆ పోలిక పుట్టింది. ఓర్పు అనే మాటలో ఓర్చుకునేవారి సమ్మతి ఉందా లేదా అన్న విషయం తేలదు. ఇష్టపడి ఓర్చుకున్నా, దిక్కులేక ఓర్చుకున్నా మాట ఒకటే. తెలుగు వాడుకలో క్షమ అలా కాదు. దండించే అధికారం ఉండి దండించకపోతేనే అది క్షమ. అధికారం లేనివాడు క్షమించాడంటే భాష ఒప్పుకోదు.

అరణ్యపర్వంలో ఈ తగవు చాలా దూరం నడిచింది. ధర్మరాజు క్షమను ఎంతో పొగిడాడు. ద్రౌపది ఒప్పుకోలేదు. అంతకుముందే ఆమె, ప్రహ్లాదుడు బలికి చెప్పినదాన్ని గుర్తుచేస్తూ, ఎల్లప్పుడూ క్షమ మంచిది కాదు, ఎల్లప్పుడూ తీక్ష్ణత మంచిది కాదు, ఎప్పుడూ ఓర్చుకునేవాణ్ణి సేవకులు కూడా లెక్కచేయరు అంది. మాష్టారి ప్రశ్న వేద్దాం. ఎవరు, ఎవరితో అన్నారు? క్షమను పొగిడినవాడు జూదమాడినవాడు. దానికి హద్దు గీసింది సభలో అవమానం పడిన మనిషి. ఈ విషయంలో నేను ద్రౌపది పక్షం.

సహించడం వింత మాట. దాన్ని మనం ఎక్కువగా కాదనడానికే వాడుతున్నాం. సహించేది లేదని మంత్రులంటారు, పోలీసులంటారు. సహిస్తాను అని ఎవరూ చెప్పరు. ఇంకో వాడుక జబ్బుపడినవాళ్ళది. అన్నం సహించడం లేదంటారు. నోటికి రుచించకపోవడం, లోపలికి పోకపోవడం. పడకపోవడం కూడా అలాంటిదే. నాకు పాలు పడవు అంటాం. వాళ్ళిద్దరికీ పడదు అని కూడా అంటాం. మనిషీ మనిషీ పొసగకపోవడానికి తెలుగు తిండి మాట వాడుకుంది. ఇందులో నాకు ఒక మంచి సూచన కనిపిస్తుంది. పాలు పడనివాడు పాలు చెడ్డవని చెప్పడు, అమ్మేవాణ్ణి కొట్టడు. తనకు పడనిదాన్ని ప్రపంచంలో ఉండనివ్వడం ఒక మర్యాద. అది ప్రేమ కాకపోవచ్చు, అయినా చాలాచోట్ల ఆ మర్యాద చాలు.

సహనం లేకపోవడం అసహనం. ఈ మాటను పత్రికలు అరగదీశాయి. అధికారులపై మంత్రి అసహనం అని రోజూ చదువుతాం. అంటే చిరాకు పడ్డారని. ధార్వాడలో 2015 ఆగస్టు 30న పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని ఆయన ఇంటి దగ్గరే కాల్చిచంపారు. ఆ తరవాత దేశంలో పలువురు రచయితలు నిరసనగా తమ పురస్కారాలు తిరిగి ఇచ్చారు. అప్పుడు జరిగిన పెద్ద చర్చకు కూడా మన పత్రికలు అసహనం అనే పేరే పెట్టాయి. సిగ్నల్ దగ్గర హారన్ కొట్టడానికీ, అభిప్రాయం నచ్చక మనిషి ప్రాణం తీయడానికీ ఒకటే మాట. ఆ చర్చ మనదాకా వచ్చేసరికి పలచబడిపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

అసలు తెలుగువాడు అలాంటి గుణానికి వేరే పేరు పెట్టుకున్నాడు. ఓర్వలేనితనం. ఇతరుల మేలు చూడలేకపోవడం. అమరకోశం కూడా అక్షాంతి అంటే ఈర్ష్య అనే చెప్పింది. క్షాంతి లేకపోతే పుట్టేది కోపం కాదు, ఈర్ష్య అని ఆ పాత కోశకారుడికి తోచింది. ఇది లోతైన చూపు. పొరుగువాడి ఆచారం మనకు కంటగింపు అయినప్పుడు నిజంగా మండేది ఆ ఆచారం వల్లనా, ఆ పొరుగువాడు బాగుపడ్డందువల్లనా అని ఎవరికి వారు అడగదగిన ప్రశ్న. అయితే ఈ మాటను ఆయుధంగా వాడడం కూడా చూశాం. రాష్ట్రం విడిపోకముందు ఇక్కడి ఆఫీసుల్లో పక్కపక్క సీట్లలో రెండు ప్రాంతాలవారు కూర్చునేవారు. తన వాటా అడిగినవాణ్ణి ఓర్వలేనివాడు అంటే అతని ఫిర్యాదు అక్కడితో మాయమవుతుంది. జవాబు చెప్పే బాధ్యతా పోతుంది. న్యాయం అడిగినవారికి అసూయ అంటగట్టడం కన్నా పెద్ద అన్యాయం మాటల్లో లేదు.

హైదరాబాదు తెలుగుకు ఉర్దూ ఇచ్చిన మాటలు మరికొన్ని. సబర్ మన నాలుక మీద ఎప్పుడో స్థిరపడింది. ఇక్కడ గచ్చిబౌలిలో ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా 1998లోనే వెలిసింది. అక్కడివారు పరమత సహనానికి వాడే మాట రవాదారీ. రవా అంటే తగినది, చెల్లేది. ఎదుటివాడిది కూడా చెల్లుతుందని ఎంచడం రవాదారీ. ఇందులో బాధ లేదు, బరువు లేదు. మన వీధుల్లో నడుస్తది అన్నదాంట్లో ఆ వాసన కొంత ఉంది గాని, అందులో పట్టనితనం కూడా ఉంది. కుర్రాళ్ళ లైట్ తీస్కో మరీ తేలిక. ఎవరికి నష్టం కలగలేదో వాళ్ళు చెప్పగలిగిన మాట అది. దెబ్బ తిన్నవాడితో అంటే క్రూరం.

టాలరెన్స్ అనే మాట మీద అసంతృప్తి కొత్తది కాదు. స్వామి వివేకానంద షికాగో వెళ్ళేముందు 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించారు. అదే ఏడాది సెప్టెంబరులో షికాగోలో సహనం పక్కనే స్వీకారాన్ని నిలబెట్టి, తన మతం ఆ రెండింటినీ నేర్పిందని చెప్పారు. తరవాత అమెరికాలోనే మరో ఉపన్యాసంలో, సహిస్తున్నానంటే నువ్వు తప్పు, అయినా బతకనిస్తున్నాను అని అర్థం వస్తుందని విడమరిచారు. గాంధీజీ 1930లో యెరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు రాసిన లేఖల్లో, ఈ మాట తనకు నచ్చలేదని, మెరుగైనది తోచలేదని ఒప్పుకున్నారు. ఇతర మతాలు తనదానికన్నా తక్కువన్న భావం అందులో దాగి ఉందని ఆయన అనుమానం. గౌరవం అన్నా పైనుంచి దయ చూపుతున్నట్టు ఉంటుందన్నారు.

వీరిద్దరికన్నా రెండు వేల ఏళ్ళు పైబడిన ఆలోచన మన గడ్డ మీదే బండ మీద చెక్కి ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. పన్నెండోది మతాల సంగతి. అందులో ఆయన ఓర్చుకోండి అని చెప్పలేదు. మాటను అదుపులో పెట్టుకోమన్నాడు. తన మతాన్ని అతిగా పొగడడం, ఇతరుల మతాన్ని సందర్భం లేకుండా తెగడడం మానమన్నాడు. కలిసి ఉండడం మంచిదన్నాడు, ఒకరి ధర్మం ఒకరు వినమన్నాడు. బాధ్యతను ఎక్కడ పెట్టాడో చూడండి. మాట పడేవాడి మీద కాదు, అనేవాడి మీద.

ఈ హైటెక్ సిటీలో కోడ్ రాసే చాలామందికి ఇలాంటి సూత్రమే ఇంకొకటి తెలుసు. ఇంటర్నెట్ నిర్మాతల్లో ఒకరైన జాన్ పోస్టెల్ 1980లో రాసినది. పంపేటప్పుడు నియమం తప్పకూడదు, అందుకునేటప్పుడు అవతలివారి చిన్న లోపాలకు తలుపు మూయకూడదు అని దాని సారం. మొదటి సగం అశోకుడి మాట అదుపే. మనం మాత్రం రెండో సగాన్నే ఎదుటివాడికి బోధిస్తూ వచ్చాం. పంపేవాడు ఏదైనా పంపవచ్చు, అందుకునేవాడు సహనంగా ఉండాలి అని.

పోస్టెల్ సూత్రానికీ అనుభవం హద్దు గీసింది. వెబ్ తొలి రోజుల్లో బ్రౌజర్లు తప్పుల తడకగా రాసిన పేజీలను కూడా ఎలాగో సరిచేసుకుని చూపించాయి. దాంతో తప్పు రాసేవారికి అది తప్పని తెలియలేదు. కొత్త బ్రౌజరు తయారుచేసేవారు ఆ తప్పులన్నింటినీ కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంటర్నెట్ ప్రమాణాల పనిని పర్యవేక్షించే మండలి 2023లో ప్రచురించిన ఒక పత్రం ఈ సంగతే వివరంగా చర్చించింది. మౌనంగా ఓర్చుకుంటూ పోతే లోపం వేళ్ళూనుకుని అదే నియమమవుతుంది, చెప్పి సరిదిద్దుకుంటేనే వ్యవస్థ నిలుస్తుంది అని దాని సారాంశం. చూసీచూడనట్టు పోవడం గురించి ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన నీతిశాస్త్రం నేను చదవలేదు.

ఇప్పుడు మన వీధుల్లోకి వద్దాం. ఇక్కడి హాస్టళ్ళలో రోజూ వినిపించే మాట అడ్జస్ట్ అవ్వు, సర్దుకో. సర్దుకోవడం మంచి మాటే. బస్సులో కాస్త సర్దుకోండి అంటే అందరూ తలా అంగుళం జరుగుతారు. సర్దుకోవడంలో ఇద్దరుంటారు. సర్దుకుపోవడంలో ఒక్కరే ఉంటారు. ముగ్గురుండే గదిలో ఎప్పుడూ ఒకే అమ్మాయి లైటు ఆరేదాకా మేలుకుంటే, ఎప్పుడూ ఒకరి పండుగకే వంటగది మూతపడితే, అది సర్దుబాటు కాదు. అద్దె ఇంటి కోసం వెళ్ళిన యువకుడి పేరు వినగానే, మాకేం అభ్యంతరం లేదు, మిగతా ఫ్లాట్లవాళ్ళు ఒప్పుకోరు అంటారు కొందరు యజమానులు. అభ్యంతరం లేదన్న మాటతో వాళ్ళు తమకు సహనం ఉందనుకుంటారు. అబ్బాయి మాత్రం మళ్ళీ రోడ్డు మీదే ఉంటాడు. ఇల్లు దొరకని సహనం వల్ల అతనికి ఒరిగిందేమీ లేదు.

ఇక ఈ భవనాలు కట్టినవారు. పాలమూరు నుంచి, ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటూ కట్టారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పనిలేదు, ఊరెళ్ళే దారి లేదు. అందరూ వాళ్ళ ఓర్పును మెచ్చుకున్నారు. మే 1న తెల్లవారుజామున, ఇక్కడికి దగ్గరలోనే ఉన్న లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు బయలుదేరింది. అందులో దాదాపు 1,200 మంది. అన్ని వారాలు వాళ్ళు చేసిన పనికి ఓర్పు అని పేరు పెట్టడానికి నా మనసు ఒప్పుకోదు. ఎంపిక లేని చోట ఓర్పును పొగిడితే అన్నం పెట్టాల్సినవారి బాధ్యత తప్పిపోతుంది.

నాకు ఇష్టమైన మాటను చివరిదాకా దాచాను. మన్నన. మన్నించడానికి తెలుగులో మూడర్థాలు. గౌరవించడం, క్షమించడం, చెప్పిన మాట వినడం. గాంధీజీ శంక న్యాయమైనదే. గౌరవంలో పైచేయి ఉండవచ్చు, క్షమలోనూ ఉండవచ్చు. మూడో అర్థమే మన్ననను కాపాడింది. నా మాట మన్నించండి అన్నప్పుడు నేను దయ అడగడం లేదు. నేను చెప్పేదానికి తలొగ్గమని అడుగుతున్నాను. ఎదుటివాడి మాటకు తన నిర్ణయం మార్చుకోగలిగినవాడే మన్నించినవాడు. సహనం చూపేవాడు మారనక్కరలేదు. మన్నించేవాడు కొంతైనా మారాలి. ఈ నగరానికి కావలసింది అదని నా అభిప్రాయం.

ఒక విన్నపంతో ముగిస్తాను. ఈ సభలో కంపెనీల బాధ్యులున్నారు, అనువాదకులున్నారు. పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టం 2013లో వచ్చింది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. వేధిస్తే పడే శిక్షలూ, ఆ కమిటీ వివరాలూ అందరికీ కనిపించేచోట పెట్టాలి. ఇక్కడ చాలా గోడల మీద అది ఇంగ్లీషులో జీరో టాలరెన్స్ అనే శీర్షికతో ఉంటుంది. ఆ అంతస్తు తుడిచే మహిళ, గేటు దగ్గర నిలబడే మహిళ దాన్ని చదవలేరు. దయచేసి దాన్ని తెలుగులో, హిందీలో, ఒడియాలో కూడా రాయించండి. శూన్య సహనం అని రాయించకండి, అది ఎవరికీ అర్థం కాదు. ఎవరైనా మిమ్మల్ని వేధిస్తే మీరు ఓర్చుకోనక్కరలేదు, ఫలానా గదిలో ఫలానావారికి చెప్పండి, వాళ్ళు వినాలి అని రాయించండి. ఆ కాగితం రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను, మాష్టారి శిష్యులు మరికొందరు కూడా ఉన్నారు. సభ అయ్యాక మమ్మల్ని కలవండి.